వాచాత్తి నుంచి వాకపల్లి దాకా: దర్యాప్తు ఎవరి చేతిలో ఉంది?



మన ఊళ్ళలో రెండు మాటలు తరచూ వినబడతాయి. మనవాళ్ళ మీద కేసు కడితే "పదండి, ఎమ్మెల్యే దగ్గరికి పోదాం, కేసు తీయించేద్దాం" అంటారు. మనవాళ్ళు బాధితులైన కేసు నీరుగారిపోతే "పైనుంచి ఫోన్ వచ్చింది, అందుకే ఇలా అయింది" అంటారు. మొదటి మాటలో ఫోన్ మనకు సాయం, రెండో మాటలో అదే ఫోన్ మనకు శత్రువు. కానీ రెండు చోట్లా మోగేది ఒకటే ఫోన్. ఆ ఫోన్ ఎప్పుడు ఎవరి కోసం మోగుతుందన్నది చివరికి బలం ఉన్నవాడే నిర్ణయిస్తాడు. మనకు ఆ బలం ఎన్నిసార్లు ఉందో చరిత్రలో చూసుకుంటే తెలుస్తుంది.

అందుకే ఈసారి పోస్టులో నేర దర్యాప్తులోకి, కోర్టులో ప్రభుత్వం తరఫున కేసు నడిపే పనిలోకి రాజకీయం ఎలా వస్తుంది, దాన్ని ఆపడానికి చట్టం ఏం చేసింది, అది మన దగ్గర ఎందుకు సరిగా పనిచేయలేదు అన్నది రాస్తున్నాం. కొంచెం పొడుగే. చివరిదాకా చదవండి.

ఒకే మనిషి చేతిలో అన్నీ

మన కొండల్లో పరిస్థితి మొదటినుంచీ వేరు. 1839లో బ్రిటిష్ వాళ్ళు గంజాం, విశాఖపట్నం జిల్లాల ఏజెన్సీ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి ఒక చట్టం చేశారు. శిస్తు వసూలు, సివిల్ న్యాయం, క్రిమినల్ న్యాయం అన్నీ కలెక్టర్‌కే అప్పగించారు. ఆయనకు 'గవర్నర్ ఏజెంట్' అని పేరు. 'ఏజెన్సీ' అని మనం ఇప్పటికీ వాడే మాట అక్కడినుంచి వచ్చిందే. పన్ను అడిగేవాడూ ఆయనే, ఎదురు తిరిగినవాణ్ణి పట్టించేవాడూ ఆయనే, శిక్ష వేసేవాడూ ఆయనే. గిరిజనులకు మామూలు కోర్టుల చిక్కులు అర్థం కావు కాబట్టి ఇది వాళ్ళ మేలుకేనని చెప్పారు. కానీ ఏజెంటు మనుషుల మీదే ఫిర్యాదు ఉంటే దాన్ని ఎవరికి చెప్పుకోవాలి?

1859లో మద్రాసు ప్రెసిడెన్సీకి, 1861లో దేశానికి పోలీసు చట్టాలు వచ్చాయి. 1857 తిరుగుబాటు చూసిన పాలకులు చేసిన చట్టం అది. పోలీసులపై పెత్తనం ప్రభుత్వానిదేనని రాసుకున్నారు. ప్రజలకు జవాబు చెప్పే పోలీసు కాదు, పాలకులకు జవాబు చెప్పే పోలీసు. 1879 రంప తిరుగుబాటు కారణాల్లో మున్సబుదారు దోపిడీ, కల్లు పన్నుతో పాటు పోలీసుల జులుం కూడా ఉంది. దొంగ చేతికే తాళం ఇచ్చిన చోట జనం కోర్టు గడప ఎక్కరు, కొండ ఎక్కుతారు.

లేవిడి, 1967

స్వాతంత్ర్యం తర్వాత రాజ్యాంగం వచ్చింది, ఐదో షెడ్యూలు వచ్చింది, కోర్టులు వేరయ్యాయి. కానీ పోలీసు చట్టం అలాగే మిగిలింది.

1967 అక్టోబర్ 31న శ్రీకాకుళం ఏజెన్సీలో గిరిజన సంఘం మహాసభకు మొండెంఖల్లు వెళ్తున్న మనవాళ్ళను లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డగించారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. కేసు నడిచింది. 1968లో కోర్టు నిందితులను వదిలేసింది. శ్రీకాకుళ పోరాట చరిత్ర రాసిన వాళ్ళందరూ ఈ తీర్పు దగ్గర ఆగుతారు. కోర్టు మీద మిగిలిన కాస్త ఆశ అక్కడ తెగిందనీ, ఆ తర్వాతే ఉద్యమం ఆయుధం పట్టిందనీ చెబుతారు. ఆ ఉద్యమం మీద ప్రభుత్వం పెట్టిన పార్వతీపురం కుట్ర కేసులో మాత్రం వందమందికి పైగా నిందితులు. ఇద్దరు గిరిజనుల హత్య కేసు ఏడాదిలో ఎవరికీ శిక్ష లేకుండా ముగిసింది. ప్రభుత్వానికి కోపం వచ్చిన కేసు ఏళ్ళ తరబడి నడిచింది. మనం పట్టించుకోవాల్సింది ఈ తేడానే.

ఇక్కడనుంచి రెండు ఊళ్ళ కథ చెబుతాం. ఒకటి తమిళనాడుది, ఒకటి మనది. ఫిర్యాదులు దాదాపు ఒకే రకం, ముగింపులు పూర్తిగా వేరు.

వాచాత్తి, 1992

తమిళనాడు ధర్మపురి జిల్లా, హరూరు దగ్గర కొండ కింద వాచాత్తి. మలయాళీ తెగ ఆదివాసీల ఊరు. 1992 జూన్ 20న గంధపు చెక్క దొంగరవాణా పట్టుకుంటామని అటవీ, పోలీసు, రెవెన్యూ సిబ్బంది వందల్లో ఊరి మీద పడ్డారు. ఇళ్ళు ధ్వంసం చేశారు, జనాన్ని కొట్టారు. 18 మంది మహిళలపై అత్యాచారం జరిగింది. పైగా కేసులు కట్టింది ఊరి వాళ్ళ మీదే! పిల్లలతో సహా వందమందికి పైగా అరెస్టు చేసి జైలుకు పంపారు.

అలాంటిదేమీ జరగలేదని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. అక్కడి గిరిజన సంఘం, వామపక్షాల వాళ్ళు వదల్లేదు. ఎస్సీ, ఎస్టీ కమిషన్ అధికారి ఊరికి వచ్చి చూసి, ఊరి వాళ్ళు చెప్పేది నిజమని నివేదిక ఇచ్చారు. 1995లో మద్రాసు హైకోర్టు కేసును రాష్ట్ర పోలీసుల చేతిలోంచి తీసి సీబీఐకి ఇచ్చింది. మొత్తం 269 మందిని నిందితులుగా చేర్చారు. 2011 సెప్టెంబర్ 29న ధర్మపురి కోర్టు తీర్పు ఇచ్చేనాటికి 54 మంది చనిపోయారు. మిగిలిన 215 మందికీ శిక్ష పడింది. అందులో అటవీ శాఖ వాళ్ళు 126, పోలీసులు 84, రెవెన్యూ వాళ్ళు ఐదుగురు. పెద్ద అటవీ అధికారులూ ఉన్నారు. 17 మందికి అత్యాచార నేరం కింద శిక్ష. 2023 సెప్టెంబర్ 29న మద్రాసు హైకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. బాధిత మహిళలకు పది లక్షల చొప్పున ఇవ్వమంది. అప్పటి కలెక్టర్, ఎస్పీ, జిల్లా అటవీ అధికారి మీద కూడా చర్య తీసుకోమంది.

ముప్పై ఒక్క ఏళ్ళు పట్టింది. దాన్ని గొప్ప న్యాయం అనడం కష్టమే. అయినా ఆదివాసీ మహిళల మాట నిలబడింది.

వాకపల్లి, 2007

విశాఖ ఏజెన్సీ, జి.మాడుగుల మండలం, నుర్మతి పంచాయతీ. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా. 2007 ఆగస్టు 20 తెల్లవారుజామున కూంబింగ్‌కు వచ్చిన గ్రేహౌండ్స్ దళం వాళ్ళు తమపై సామూహిక అత్యాచారం చేశారని 11 మంది కొందు మహిళలు ఫిర్యాదు చేశారు. ఆ కొండల మధ్య నుంచి పాడేరు దాకా వచ్చి చెప్పుకోవడమే ఒక సాహసం. ఊరికి తిరిగి వెళ్ళాక ఎలాంటి మాటలు పడాలో తెలిసీ వచ్చారు.

ఇది మావోయిస్టుల ప్రచారం అన్న మాట పోలీసు వర్గాల నుంచి వెంటనే వచ్చేసింది. దర్యాప్తు నిజం తేల్చకముందే తీర్పు చెప్పేశారన్నమాట. పోలీసుల మీద ఫిర్యాదు, దర్యాప్తు చేసింది అదే రాష్ట్ర పోలీసు శాఖ. నేరం జరిగినట్టు తేలలేదని రిపోర్టు ఇచ్చారు. కేసు అక్కడే ముగిసిపోవాలి. ఆ మహిళలు, వాళ్ళకు తోడు నిలిచిన ఆదివాసీ సంఘాలు, మానవ హక్కుల వేదిక ముగియనివ్వలేదు. ఆ రిపోర్టును ఒప్పుకోమని పాడేరు మేజిస్ట్రేట్ కోర్టులో ప్రొటెస్ట్ పిటిషన్ వేశారు. 2012లో హైకోర్టు 13 మందిపై విచారణ జరగాల్సిందేనంది. పోలీసులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. అక్కడ ఐదేళ్ళు. 2017లో సుప్రీంకోర్టు వాళ్ళ అప్పీలు కొట్టేసింది. ఆ తర్వాత విశాఖపట్నం ప్రత్యేక కోర్టులో విచారణ మొదలైంది. ఈ లోపల 11 మందిలో ఇద్దరు చనిపోయారు.

2023 ఏప్రిల్ 6న తీర్పు వచ్చింది. 13 మందీ నిర్దోషులు. కానీ ఆ తీర్పులో ఇంకో మాట ఉంది. నిందితులు బయటపడటానికి కారణం దర్యాప్తు అధికారుల వైఫల్యమేనని కోర్టు చెప్పింది. నిందితులను బాధితులు గుర్తించే పరేడ్ కూడా పెట్టలేదు. చీకట్లో యూనిఫాంలో వచ్చిన కొత్త మనుషుల మీద ఫిర్యాదు ఉన్నప్పుడు చేయాల్సిన మొదటి పని అది. దర్యాప్తు సరిగా చేయనందుకు చర్యకు సిఫారసు చేస్తూ, మహిళలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇవ్వమని కోర్టు ఆదేశించింది.

ఇక్కడ మేం ఒక మాట జాగ్రత్తగా చెబుతున్నాం. చట్టం ముందు ఆ 13 మందీ నిర్దోషులే. మనం వాళ్ళను వేరే పేరుతో పిలవకూడదు. కానీ ఆలోచించండి. వాళ్ళు నిజంగా ఏ తప్పూ చేయకపోతే, మొదటి వారంలో సరైన దర్యాప్తు జరిగి ఉంటే పదిహేనున్నరేళ్ళు ఆ మచ్చ మోయాల్సిన పని లేదు. తప్పు జరిగి ఉంటే ఆ మహిళలు పదిహేనున్నరేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగి ఉత్త చేతులతో ఇంటికి పోవాల్సిన పని లేదు. పాడైన దర్యాప్తు ఏ పక్షానికీ మేలు చేయదు. 'మనవాళ్ళను కాపాడుకోవాలి' అనుకున్న వ్యవస్థకు మాత్రమే మేలు.

తేడా ఎక్కడ వచ్చింది?

రెండు చోట్లా ఫిర్యాదు ప్రభుత్వ సిబ్బంది మీదే. రెండు చోట్లా మొదట 'అలాంటిదేం లేదు' అన్నారు. రెండు చోట్లా ఏళ్ళు గడిచాయి. పెద్ద తేడా ఒకటే: వాచాత్తిలో మూడేళ్ళకైనా దర్యాప్తు ఆరోపణ ఎదుర్కొంటున్న ప్రభుత్వం చేతిలోంచి బయటికి వచ్చింది. వాకపల్లిలో రాలేదు.

సీబీఐ అన్న పేరులో ఏ మహిమా లేదు. బొగ్గు కేసులో 2013లో సుప్రీంకోర్టే సీబీఐని పంజరంలో చిలక అంది. కోర్టుకు ఇవ్వాల్సిన రిపోర్టును కేంద్ర న్యాయ మంత్రి ముందే చూశారని తేలి ఆయన రాజీనామా చేయాల్సి వచ్చింది. మన రాష్ట్రాల సంగతి చూడండి. 2018 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ సీబీఐకి ఇచ్చిన సాధారణ అనుమతి వెనక్కి తీసుకుంది, 2019లో ప్రభుత్వం మారగానే మళ్ళీ ఇచ్చింది. 2022లో తెలంగాణ వెనక్కి తీసుకుంది. ఏ ఎండకు ఆ గొడుగు. వాచాత్తిలో పనిచేసింది సీబీఐ అన్న బోర్డు కాదు, వెనక హైకోర్టు ఉండటం, ముందు ఊరు వదలకుండా నిలబడటం.

ఈ సమస్యకు మందు ఏమిటో సుప్రీంకోర్టు ఎప్పుడో రాసిచ్చింది. ప్రకాశ్ సింగ్ అనే రిటైర్డ్ పోలీసు అధికారి వేసిన కేసులో 2006 సెప్టెంబర్ 22న ఏడు ఆదేశాలు ఇచ్చింది. డీజీపీకి కనీసం రెండేళ్ళ పదవీకాలం, బదిలీలకు పోలీసు అధికారుల బోర్డు, శాంతిభద్రతల పని నుంచి దర్యాప్తు పనిని విడదీయడం, పోలీసులపై ఫిర్యాదులకు విడిగా ఒక అథారిటీ, ఇలా. తీర్పు వచ్చి ఏడాది తిరగకముందే వాకపల్లి. ఆ ఫిర్యాదుల అథారిటీ అప్పటికే నిజంగా పనిచేస్తూ ఉంటే ఆ మహిళలకు పోలీసు శాఖ బయట ఇంకో గడప ఉండేది.

పీపీ ఎవరి మనిషి?

దర్యాప్తు అయ్యాక కేసు పబ్లిక్ ప్రాసిక్యూటర్ చేతికి వస్తుంది. మనం పీపీ అంటాం. పీపీ పోలీసుల లాయరూ కాదు, అధికార పార్టీ లాయరూ కాదు. నిజాన్ని కోర్టు ముందు పెట్టడం ఆయన పని. 1974 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్లనూ ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్లనూ వేరు చేసింది. ప్రాసిక్యూటర్లను కూడా పోలీసు శాఖ నుంచి వేరుచేయాలని 1995లో షహానే కేసులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

అయినా ప్రభుత్వం మారితే పీపీలు మారడం మనం చూస్తూనే ఉన్నాం. 1990లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం అన్ని జిల్లాల ప్రభుత్వ న్యాయవాదులనూ ఒక్క ఆర్డరుతో తీసేసింది. శ్రీలేఖ విద్యార్థి కేసులో సుప్రీంకోర్టు ఆ ఆర్డరు చెల్లదంది. ఇది ప్రజల పని, ప్రభుత్వం ఇష్టమొచ్చినట్టు పంచే బహుమతి కాదు అన్నది దాని సారం.

మనకు ఇందులో ఒక ప్రత్యేక హక్కు ఉంది, చాలామందికి తెలియదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నియమాలు, 1995 ప్రకారం బాధితులు కోరితే వాళ్ళ కేసు నడపడానికి సీనియర్ న్యాయవాదిని నియమించే అధికారం కలెక్టర్‌కు ఉంది. అడగనివాళ్ళకు అది ఎవరూ గుర్తు చేయరు.

కేసులు ఎత్తేయడం: మనకూ పరీక్ష

ఇప్పుడు కష్టమైన ప్రశ్న. పోడు చేసుకునేవాళ్ళ మీద అటవీ శాఖ కట్టిన కేసులు ఎత్తేయమని మన సంఘాలు ఏళ్ళుగా అడుగుతున్నాయి. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పోడు పట్టాలు పంచుతూ అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి ఆ కేసులు ఎత్తేస్తామని ప్రకటించారు. మరి ఇది రాజకీయ జోక్యం కాదా? మనకు మేలైతే ఒప్పు, వేరేవాళ్ళకు మేలైతే తప్పు అంటామా?

చట్టం దీనికి జవాబు ఇచ్చింది. పాత కోడ్‌లో 321వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో 360వ సెక్షన్. కేసు ఉపసంహరించుకోవాలంటే పీపీ స్వయంగా ఆలోచించి కోర్టును అడగాలి, కోర్టు ఒప్పుకోవాలి. ప్రభుత్వం సలహా ఇవ్వొచ్చు, హుకుం జారీ చేయకూడదు. బీహార్‌లో ఒక కేసులో కలెక్టర్ చెప్పాడని పీపీ ఉపసంహరణకు పోతే, ఆ నిర్ణయం పీపీదేనని, ఇంకొకరికి అప్పగించేది కాదని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. కొత్త చట్టంలో బాధితుల మాట వినకుండా ఉపసంహరణకు ఒప్పుకోకూడదని కూడా చేర్చారు.

రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టి చూడండి. ఎమర్జెన్సీ నాటి బరోడా డైనమైట్ కేసును 1977లో ఉపసంహరించుకుంటే, 1980లో సుప్రీంకోర్టు దాన్ని తప్పు పట్టలేదు. రాజకీయ ఉద్యమాల నుంచి పుట్టిన కేసుల్లో శాంతి కోసం, ప్రజా ప్రయోజనం కోసం అలా చేయొచ్చంది. అదే 2015 మార్చి 13న కేరళ అసెంబ్లీలో కుర్చీలు, మైకులు విరగ్గొట్టిన ఎమ్మెల్యేల కేసు ఎత్తేస్తామంటే 2021 జూలైలో కోర్టు ఒప్పుకోలేదు. ఎమ్మెల్యే అయినంత మాత్రాన నేరం మాఫీ కాదంది. వెంటనే ఆగస్టులో ఇంకో ఆదేశం: ఎంపీలు, ఎమ్మెల్యేల మీది కేసులు హైకోర్టు అనుమతి లేకుండా ఎత్తేయకూడదు.

పోడు కేసుల మాటకు వస్తే, హక్కుల పరిశీలన పూర్తయ్యేదాకా సాగుదారును కదిలించకూడదని 2006 అటవీ హక్కుల చట్టమే చెబుతోంది. ఆ భూమి మీద హక్కు తేలాక కేసుకు పునాది ఏముంటుంది? ఆ కారణాన్ని కాగితం మీద రాసి, బహిరంగంగా, పీపీ ద్వారా కోర్టులో అడిగితే అది హక్కు. ఎన్నికల ముందు ఒక నాయకుడు ఊరికి వచ్చి "మీ కేసు నేను చూసుకుంటా" అంటే అది అప్పు. ఆ అప్పు మనం ఓటుతో తీర్చాలి, మౌనంతో తీర్చాలి. రేపు మన చెల్లెలికి అన్యాయం చేసినవాడు అదే నాయకుడి మనిషైతే మన నోరు లేవదు.

మనం ఏం చేయాలి?

లా చదువుతున్న మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ విషయాలు ఊళ్ళలో చెప్పాలి.

ఒకటి. ఫిర్యాదు రాతపూర్వకంగా, తేదీతో ఇవ్వాలి. ఏ స్టేషన్లోనైనా ఇవ్వొచ్చు. తీవ్ర నేరమైతే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాపీ ఉచితంగా తీసుకోవాలి. కట్టకపోతే ఎస్పీకి రాయాలి, ఆ తర్వాత మేజిస్ట్రేట్ దగ్గరికి.

రెండు. అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసైతే డీఎస్పీ లేదా ఆపై స్థాయి అధికారే దర్యాప్తు చేయాలి. ఎవరు చేస్తున్నారో మొదటి రోజే అడిగి రాసుకోండి. వైద్య పరీక్ష, గుర్తింపు పరేడ్ జరిగాయా లేదా అన్నది కూడా. వాకపల్లిలో కేసు పోయింది ఇక్కడే.

మూడు. పోలీసులు కేసు మూసేస్తే అది ముగింపు కాదు. ఫిర్యాదుదారుకు నోటీసు ఇవ్వకుండా మేజిస్ట్రేట్ ఆ రిపోర్టు ఆమోదించకూడదని 1985లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ప్రొటెస్ట్ పిటిషన్ వేయొచ్చు. వాకపల్లి మహిళలు చేసి చూపించారు.

నాలుగు. ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఒక తెల్ల కాగితం మీద దరఖాస్తు చాలు.

ఐదు. మన సంఘం తరఫున కేసు గురించి ఏ నాయకుడినైనా కలిస్తే, అడిగేది కాగితం మీద పెట్టి గ్రామసభలో చదవండి. అందరి ముందు చదవలేని కోరిక అయితే అడగొద్దు.

వాకపల్లికి, వాచాత్తికి మధ్య వందల మైళ్ళు. చదువు, డబ్బు, పలుకుబడి ఏమీ లేని మహిళలు రెండు చోట్లా ఇంత దూరం నడిచారు. మన గ్రూపులో చదువుకున్నవాళ్ళం వేలల్లో ఉన్నాం. మీ మండలంలో ఇలా ఆగిపోయిన కేసు ఉంటే, బాధితుల పేర్లు ఇక్కడ రాయకుండా, ఏ దశలో ఆగిందో మాత్రం చెప్పండి. ఎఫ్ఐఆర్ దగ్గరా, దర్యాప్తు దగ్గరా, కోర్టులోనా? అది తెలిస్తే ఏ గడప తొక్కాలో కలిసి చూద్దాం.

జై ఆదివాసీ.